రెండో వాక్యం మీద చెయ్యి

ఉద్దానంలో మనిషి పోతే కారణం ఎవరూ అడగరు. కిడ్నీ అంటారు, కట్టెలు పేరుస్తారు, స్నానాలు చేసి ఇళ్ళకు పోతారు. జబ్బుతోనే పోయాడా అని రెండో ప్రశ్న వేసే ఓపిక ఇక్కడ ఎవరికీ లేదు. ఇది ఆరోపణ కాదు, ఉన్న సంగతి.

ఈశ్వరరావు విషయంలో మాత్రం అడిగారు. అడగవలసినవాణ్ణి వదిలేసి, పోయినవాడి భార్యను అడిగారు.

ఆమె పేరు సరస్వతి. 2005లో, తొలకరి పడిన రోజుల్లో, కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మీద ఉన్న మేడగదికి ఒక ఉదయం వచ్చింది. ఆ గదిలో మన్మథరావు ప్రైవేటు డిటెక్టివ్‌గా పని చేసుకునేవాడు. ఈ ప్రాంతంలో ఆ పనికి గిరాకీ తక్కువ. పెళ్ళికి ముందు పిల్లవాడి సంగతులు కనుక్కోవడం, బీమా వాళ్ళకు దొంగ క్లెయిములు పట్టివ్వడం, లారీల్లోంచి మాయమైన జీడిపిక్కల బస్తాలు వెతకడం, అంతే. అతనికి యాభై దాటాయి. భార్య పోయింది. ఈ నేల జబ్బే. నవ్వడం అప్పటినుంచి మానేశాడు.

అతని దగ్గర సహాయకుడు యోనా. డిగ్రీ చదివాడు. వయోపరిమితి దాటిపోయేలోపు బ్యాంకు ఉద్యోగం సంపాదించాలని ఏటా పరీక్ష రాస్తాడు, ఏటా తప్పుతాడు. మన్మథరావు చెప్పింది వేదవాక్కు అతనికి.

సరస్వతి కుర్చీ అంచున కూర్చుని, వెనక తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు తిరిగి చూసింది. చేతులు కొంగులో దాచుకుంది. పిక్కలు కొట్టే చేతులు అవి. పెంకుల్లోంచి కారే జీడిరసం తగిలి వేళ్ళు నల్లబడి, తోలు పొరలుగా లేచి ఉంది.

“మాయాయన్ని నానే సంపీసినానంటన్నారు బాబూ. కూరలో జీడిరసం కలిపీసినానట. నా గుంటని నాకియ్యటం నేదు.”

మిగిలింది యోనా ఒక్కొక్కటిగా అడిగి రాబట్టాడు. ఈశ్వరరావు కాశీబుగ్గలోనే ఒక బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పే మాస్టారు. ఊరు పూండికి అవతల, సముద్రం వైపు. నిరుటి నుంచి కిడ్నీలు చెడ్డాయి. తమ్ముడు నాగరాజు విశాఖపట్నం తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించాడు. కిడ్నీ మార్చాలన్నారు. తమ్ముడి రక్తం సరిపడింది. నాది ఇస్తానని నాగరాజు ఊరందరి ముందు అన్నాడు. అలాంటి తమ్ముడు ఎవరికుంటాడని ఊరంతా చెప్పుకుంది.

ఆపరేషన్ కాకముందే ఈశ్వరరావు పోయాడు. ఆ జబ్బు మనిషిని తీసుకుపోయే తీరు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఒళ్ళు ఉబ్బుతుంది, ఆయాసం వస్తుంది, నెలల తరబడి మంచం పడతారు. ఇతను ముందురోజుదాకా పాఠం చెప్పి, మధ్యాహ్నం అన్నం తిని, పందిరి కింద నడుం వాల్చి, లేవలేదు. డాక్టరు చూడలేదు. పోలీసులు రాలేదు. సాయంత్రానికి దహనం చేసేశారు. పెద్దకర్మ అయ్యాక అత్త రాజులమ్మ మొదలుపెట్టింది, వండింది ఎవరు, పెట్టింది ఎవరు అని. సరస్వతిని పుట్టిల్లు మందసకు పంపేశారు. ఆరేళ్ళ కూతురు స్వాతిని అట్టేపెట్టుకున్నారు. వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుంటారు. పిల్ల నాయనమ్మకే అని, తల్లి ఊళ్ళో అడుగు పెట్టకూడదని తీర్పు రాబోతోంది.

“నువ్వు కలిపావా?” అన్నాడు మన్మథరావు.

“నేదు.”

“ఆ రోజు ఏం వండావు?”

బీరకాయ కూర అని చెప్పింది. ఎలా వండావని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది గాని చెప్పింది. ముక్కలు బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, తర్వాత తాలింపు వేస్తుందట. విశాఖపట్నం నుంచి వచ్చాక మరిది అలాగే చెయ్యమన్నాడట. ఉప్పు తగ్గించమన్నాడు, అరటిపళ్ళు మానిపించమన్నాడు.

“పిప్పిలాగుండీది బాబూ. ఏటీ అనీవోరు కాదు, తినీసీవోరు.”

ఆ నీళ్ళు మన్మథరావు తన ఇంట్లో రెండేళ్ళు పారబోశాడు. “మరిది ఇంకేమైనా చెప్పాడా?” అని మాత్రం అడిగాడు.

అంతేనంది. కేసు తీసుకుంటున్నానని చెప్పి ఆమెను మందస బస్సెక్కించి రమ్మని యోనాతో అన్నాడు.

యోనా తిరిగి వచ్చి, ఈశ్వరరావు మాస్టారి దగ్గర తను కూడా చదివానని చెప్పాడు. ఆయన పేరు పడ్డది డేటా సఫిషియెన్సీతోనట. అదేమిటన్నాడు మన్మథరావు. యోనా పాత పేపరు వెనక రాసి చూపించాడు. పైన ఒక ప్రశ్న ఉంటుంది. కింద రెండు వాక్యాలు ఉంటాయి. జవాబు చెప్పడానికి మొదటి వాక్యం ఒక్కటే చాలునా, రెండోది ఒక్కటే చాలునా, రెండూ కలిపితేనే చాలునా, కలిపినా చాలదా. అంతవరకే చెప్పాలి.

“అందరూ తప్పేది అక్కడే సార్. జవాబు కోసం లెక్క మొదలెట్టేస్తారు. ‘ఒరే, జవాబు ఎంతని నిన్నెవడడిగాడు, దొరుకుద్దా దొరకదా అని కదా అడిగాడు’ అని మాస్టారు తిట్టేవారు. బోర్డు మీద రాసి రెండో వాక్యం మీద అరచెయ్యి అడ్డం పెట్టేవారు. ఇది లేదనుకోండి, మొదటిదాంతో అవుద్దా? తర్వాత మొదటిదాని మీద చెయ్యి. చదివింది మర్చిపోండి, ఇప్పుడు దీంతో అవుద్దా? రెండూ విడివిడిగా చచ్చాకే కలపాలి.”

“మర్చిపోవడం కష్టం.”

“నాకు సగం అక్కడే పోయేవి సార్. మొదటి దాంట్లోది తెలీకుండా రెండో దాంట్లోకి వచ్చేసేది. ఇంకోటి, మనకు బయట తెలిసింది లోపలికి తేకూడదు. పేపర్లో లేకపోతే లేనట్టే. ఇంకోటి, జవాబు ‘కాదు’ అని వస్తే చాలామంది ‘చాలదు’ అని పెట్టేస్తారు. సంఖ్యను రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది, అది సరిసంఖ్యా? కాదు. ఖచ్చితంగా కాదు. ఖచ్చితమైన కాదు కూడా జవాబే అనేవారు.”

మన్మథరావు ఆ కాగితం వైపు కాసేపు చూశాడు. “ఊరు వేసుకున్న ప్రశ్న ఏమిటి?”

“ఎవరు చంపారని.”

“కాదు. ఎవరు వండారని. ప్రశ్నే తప్పు రాసుకున్నారు.”

మొదట కోచింగ్ సెంటరుకు వెళ్ళారు. దాని యజమాని ప్రదీప్ కుమార్. యోనాకు అనుమానం అతని మీద. మాస్టారు ఆ సెంటరు వదిలి టెక్కలిలో కొత్తగా పెట్టిన దానికి వెళ్ళబోతున్నాడని విద్యార్థులు అనుకున్నారు. ఆయన పోతే పిల్లలు పోతారు. ప్రదీప్ కుమార్ దాచలేదు. గొడవ పడ్డామనీ, వారంపాటు మాట్లాడుకోలేదనీ ఒప్పుకున్నాడు. మాస్టారు పోయిన రోజున తను చర్చిలో చెల్లెలి పెళ్ళి చేయిస్తున్నానన్నాడు. ఆ పెళ్ళికి యోనా కూడా వెళ్ళాడు, అక్కడ అతణ్ణి చూశాడు.

వచ్చేస్తుంటే ప్రదీప్ కుమార్ ఒక మాట అన్నాడు. రోజూ క్లాసుకు ముందు ఇద్దరూ గేటు దగ్గర బండి మీద కొబ్బరిబొండం తాగేవాళ్ళట. “ఆఖర్లో ఆయన మానేశాడు. ఇంకా నా మీద కోపమేమో అనుకున్నాను. తాగవేటి మాస్టారూ అంటే నవ్వి, ఇంటికాడ తాగుతున్నాను కదా చాలు అన్నాడు.”

మెట్లు దిగేటప్పుడు యోనా మాట్లాడబోతే మన్మథరావు చేత్తో ఆపాడు.

మర్నాడు పూండి స్టేషన్లో దిగి ఆటోలో ఊరికి వెళ్ళారు. రోడ్డుకు రెండు పక్కలా జీడితోటలు, దాటితే కొబ్బరి. ఇసుక నేల. పచ్చగా, చల్లగా ఉంటుంది. చూసేవాడికి ఇక్కడ మనుషులు చస్తారని అనిపించదు. మూడిళ్ళకొకరు మంచం మీద ఉన్నారు.

రాజులమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నాగరాజు పక్కనే నిలబడ్డాడు. మన్మథరావు అతణ్ణి తోటలోకి వెళ్ళమన్నాడు. ఒకరి మాట ఒకరు వినకూడదన్నాడు. నాగరాజు తల్లి వైపు చూసి వెళ్ళాడు. పిల్ల స్వాతి గుమ్మంలో నిలబడి, అమ్మ వచ్చిందా అని యోనాను అడిగింది. రాజులమ్మ లోపలికి పొమ్మంది.

కొడుకు పోయాక మొహం కడిగింది ఎవరని మన్మథరావు అడిగాడు. తనే అంది ముసలామె. పెదాలు తుడిచి, తులసినీళ్ళు పోసింది కూడా తనే.

“పెదాలు పొక్కాయా? నోరు కాలినట్టుందా?”

“నేదు బాబూ. పాలు తాగి పడుకున్న గుంటడి నోరులాగున్నాది.”

“మీ కోడలి చేతులు చూశావు కదా. రసం తోలు మీద పడితేనే అలా ఉంది. నోట్లో పడితే ఎలా ఉంటుంది?”

“మరి దేంతో పోయినాడు నా కొడుకు?” అంది రాజులమ్మ.

ఆ రోజు అతను ఇంకేం తిన్నాడని అడిగాడు. కోడలు పెట్టిన కూడు తప్ప మరేమీ లేదంది. తర్వాత గుర్తు చేసుకుని, పొద్దున్న తను ఇచ్చిన బొండం తాగాడంది. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. విశాఖపట్నం నుంచి వచ్చింది మొదలు ఒక్కరోజు తప్పలేదట. చిన్నకొడుకే చెట్టెక్కి దించేవాడు. తను కొట్టి ఇచ్చేది. కొడుకు మంచం మీద కూర్చుని, ఆమె మొహం చూస్తూ తాగేవాడు.

“డాక్టరు ఇమ్మన్నాడా?”

“నాకేటి తెలుసు బాబూ. సిన్నోణ్ణే అడిగినాను. సలవ సేత్తాది, ఇయ్యమ్మా అన్నాడు.”

ఆపరేషన్ ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. మొదటిసారి వెళ్ళబోయే రోజున నాగరాజుకు జ్వరం వచ్చిందట. రెండోసారి బండి మీంచి పడ్డాడట. పెద్దవాడు ఏమీ అనలేదంది, ‘పర్నేదు, తొందరేటుంది’ అన్నాడంది.

నాగరాజు తోటలో గునపానికి గుచ్చి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. కళ్ళు మాత్రం నిద్ర లేనివాడివి. డాక్టరు మాట్లాడేటప్పుడు అన్నను లోపల పరీక్షలకు పడుకోబెట్టారని, అందుకని తనకే చెప్పారని ఒప్పుకున్నాడు. ఏం చెప్పారంటే కూరముక్కల నీళ్ళు, ఉప్పు, అరటిపళ్ళు అన్నాడు.

“అంతేనా?”

“అంతే.” చేతిలో కాయ ఒలవడం ఆపలేదు. “నా కిడ్నీ ఇత్తానన్నాను బాబూ. మనిసి ఇంకేటి సేత్తాడు?”

“ఆపరేషన్ ఎప్పుడనుకున్నారు?”

చెయ్యి ఆగింది. “ఆ సోమవారం,” అన్నాడు నాగరాజు. అన్న పోయింది దానికి ముందు శుక్రవారం.

ఆటోలో యోనా, వాడు మంచివాడే అనిపిస్తోంది సార్ అన్నాడు. అది బయటనుంచి తెచ్చిన మాట అన్నాడు మన్మథరావు.

విశాఖపట్నంలో డాక్టరు వాళ్ళను చాలాసేపు కూర్చోబెట్టి లోపలికి పిలిచాడు. అలసిన మనిషి. మీ వైపు నుంచి వచ్చేవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను అన్నాడు. ఈశ్వరరావు గుర్తున్నాడు. తమ్ముడు గుర్తున్నాడు. ఉద్దానం నుంచి వచ్చిన ఎవరికైనా తను చెప్పే మొదటి మాట కొబ్బరినీళ్ళ గురించేనన్నాడు. కొబ్బరినీళ్ళలో, అరటిపళ్ళలో, కూరగాయల్లో ఉండే పొటాషియం మంచి కిడ్నీ అయితే బయటికి పంపేస్తుంది. చెడ్డ కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పెరిగి గుండెను ఆపేస్తుంది. మనిషి బాగానే ఉన్నట్టుంటాడు, పడుకుంటాడు, లేవడు.

“తమ్ముడికి చెప్పారా?”

“రెండుసార్లు చెప్పాను. అతనే నన్ను తిరిగి అడిగాడు, తాగితే ఏమవుద్దండీ అని. గుండె ఆగిపోతుందన్నాను.”

మన్మథరావు లేచాడు. డాక్టరు ఇంకొకటి చెప్పాడు. తర్వాత కొన్నాళ్ళకు ఈశ్వరరావు తనే ఫోన్ చేశాడట. కొబ్బరినీళ్ళు తాగవచ్చా అని ఒక్కటే అడిగాడు. వద్దు, మీ తమ్ముడికి అప్పుడే చెప్పానే అన్నాడు డాక్టరు. ‘సరిపోయిందండి’ అని ఈశ్వరరావు ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి మాస్టారు పోవడానికి ఎన్నాళ్ళుందని యోనా అడగబోయాడు. మన్మథరావు డాక్టరుకు నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

ఆదివారం రాజులమ్మ వాకిట్లో పెద్దలు నలుగురు కూర్చున్నారు. మిగతా ఊరు కంచె అవతల నిలబడింది. సరస్వతిని వీధిలోనే ఆపారు. మన్మథరావు ఆమెను లోపలికి తెచ్చి ముసలామెకు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎవరో గొణిగారు. అతను పట్టించుకోలేదు.

ఈశ్వరరావు మాస్టారు పిల్లలకు చెప్పిన పద్ధతిలోనే తానూ చెప్తానన్నాడు. ముందు ప్రశ్న సరిగా చదవాలి. ఊరు అడిగింది, వండింది ఎవరని. అది ప్రశ్న కాదు. అతను దేనివల్ల పోయాడు, అది ప్రమాదమని తెలిసి ఎవరు ఊరుకున్నారు. ఇవీ ప్రశ్నలు.

“సరస్వతి జీడిరసం పెట్టిందా? దీనికి ఒక్క వాక్యం చాలు. నోరు పొక్కలేదు. కడిగిన తల్లే చెప్పింది. జవాబు, కాదు. అనుమానం కొంచెం మిగిలిన ‘కాదు’ కాదిది. ఖచ్చితమైన ‘కాదు’. అక్కడితో ఈమె సంగతి అయిపోయింది.”

రాజులమ్మ తల వంచుకుంది. ఒక పెద్దమనిషి, అయితే కిడ్నీతోనే పోయాడన్నమాట, లేవండి అన్నాడు. మన్మథరావు కూర్చోమన్నాడు.

“అది మీకు బయట తెలిసింది. ఈ ఊళ్ళో అందరూ దానితోనే పోతారు కనక ఇతనూ పోయాడంటున్నారు. ఆ జబ్బుతో పోయేవాళ్ళు ఎలా పోతారో మీరు చూశారు. ఇతను అలా పోలేదు. అది మీ కళ్ళే చెప్పాయి. జబ్బు తీరులో పోలేదన్న ఆ ఒక్క మాటా నిజమే, అందుకే ఈమె మీద పడ్డారు.”

తర్వాత అరచెయ్యి గాలిలో అడ్డంగా పెట్టాడు. మొదటి వాక్యం: ఈశ్వరరావు రోజూ రెండు బొండాలు తాగాడు. ఈ జబ్బుకు కొబ్బరినీళ్ళు విషం, డాక్టరు చెప్పాడు. దీనివల్ల ఎలా పోయాడో తెలుస్తుంది. చంపాలని ఇచ్చారో, ప్రేమతో ఇచ్చారో తెలియదు. ఇచ్చిన తల్లికి ఏమీ తెలియదు. రెండో వాక్యం: కొబ్బరినీళ్ళు వద్దని డాక్టరు ఒకరికి రెండుసార్లు చెప్పాడు. ఇది ఒక్కటే అయితే మరిచిపోయాడనుకోవచ్చు. మనుషులు మరిచిపోతారు.

“ఇప్పుడు కలపండి. కూరముక్కల నీళ్ళు పారబొయ్యమని మరిచిపోకుండా వదినకు చెప్పాడు. ఉప్పు చెప్పాడు. అరటిపళ్ళు చెప్పాడు. డాక్టరు అన్నింటికన్నా ముందు చెప్పింది ఒక్కటే చెప్పలేదు. తల్లి అడిగినప్పుడు, చలవ చేస్తుంది ఇయ్యమ్మా అన్నాడు. తనే చెట్టెక్కి దించాడు. మరిచిపోయినవాడు ఊరుకుంటాడు, ఇమ్మని చెప్పడు.”

నాగరాజు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఊరంతా అతని వైపు తిరిగింది.

“అవునా సిన్నోడా?” అంది రాజులమ్మ.

“నాను పెట్టలేదమ్మా,” అన్నాడు నాగరాజు. “నాను సేత్తో ఇయ్యలేదు. సెప్పలేదంతే.”

ఎందుకురా అని ఎవరూ అరవలేదు. అతనే చెప్పాడు. గొంతు పెరగలేదు.

“రెండు కిడ్నీలున్నోళ్ళే ఈ ఊళ్ళో బతకటం నేదు. ఒకటిచ్చీసి నానెన్నాళ్ళుంటాను? ఆ రోజు ఆసుపత్రిలో అన్న నా వొంక సూసినాడు, ఇత్తానన్నాను. ఊరికొచ్చీసరికి అందరూ దణ్ణాలెట్టీసినారు. ఇయ్యనని ఎవుడికి సెప్పను? జొరమన్నాను. బండిమీంచి పడ్డాను, కావాలనే పడ్డాను. మళ్ళీ రోజు పెట్టీసినారు. ఆడే వద్దంటే బాగుణ్ననుకున్నాను. ఆడు అనలేదు.”

అప్పుడే మన్మథరావు యోనా వైపు చూశాడు. ఫోన్ సంగతి ఎత్తబోయిన యోనా ఆ చూపుకు నోరు మూసుకున్నాడు.

పెద్దల్లో ఒకడు స్టేషనుకు కబురు పెడదామన్నాడు. పెట్టుకోండి అన్నాడు మన్మథరావు. శవం లేదు, పరీక్ష లేదు. ఒక మాట చెప్పకపోవడం మీద ఏ ఎస్సై కేసు రాయడు. ఈ కూర్చున్నవాళ్ళలో సాక్ష్యానికి ఎంతమంది వస్తారో అదీ చూడమన్నాడు.

రాజులమ్మ తన రెండు అరచేతులూ తెరిచి చూసుకుంటోంది. కత్తి పట్టి బొండం కొట్టిన చేతులు. చాలాసేపు చూసుకుంది.

“నువ్వు రాకపోతే బాగుణ్ను బాబూ,” అంది. “కోడలే సంపీసిందనుకుని సచ్చీదాన్ని.”

లేచి లోపలికి వెళ్ళి స్వాతిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆ చెయ్యి సరస్వతి చేతిలో పెట్టింది. క్షమించమని అనలేదు. పిల్ల తల్లి నల్లటి వేళ్ళు పట్టుకుని, ఇప్పుడే వెళ్ళిపోదామా అంది. రాజులమ్మ తలుపు వేసుకుంది. నాగరాజు వాకిట్లోనే ఉండిపోయాడు. ఊరు ఒక్కొక్కరుగా కదిలిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో తల్లి, కొడుకు ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకున్నారు. అతనికి పడిన శిక్ష అదే. చాలదు.

రైలు స్టేషనుకు నడిచేటప్పుడు తల్లీకూతుళ్ళిద్దరూ ముందు ఉన్నారు. యోనా గొంతు తగ్గించి అడిగాడు. డాక్టరు చెప్పిన రెండో సంగతి ఎందుకు దాచారన్నాడు. మాస్టారికి తెలుసు. బజారులో మానేశాడు. ఇంట్లో మాత్రం ఆఖరిరోజు పొద్దున్న కూడా తల్లి చేతి బొండం తాగాడు. వద్దంటే తమ్ముడి అబద్ధం బయటపడుతుందని తాగాడా, తమ్ముడి భయం చూసి ఇక తనే తప్పుకుందామని తాగాడా?

“ఏదైతేనేం? గొప్పవాడంటావా?” అన్నాడు మన్మథరావు.

“అంత ప్రేమ సార్...”

“ముందు నడుస్తున్న పిల్లను చూడు. తమ్ముడు ఇవ్వనని చెప్పలేకపోయాడు. అన్న నాకొద్దని చెప్పలేకపోయాడు. ఇద్దరూ మర్యాదస్తులే. తెలిసి తాగే ప్రతి పూటా ఆ పిల్ల ఎదురుగానే ఆడుకుంటూ ఉండి ఉంటుంది. నేను చిన్నవాణ్ణి క్షమించను. పెద్దవాణ్ణీ క్షమించను. ఒక్కరోజు ఎక్కువ ఉండాలని ఎంత పాకులాడినా ఉండలేక పోయినవాళ్ళను నేను చూశాను.”



పూండి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నారు. పలాస వెళ్ళే ప్యాసింజరు ఇంకా రాలేదు. పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. సరస్వతి దాని జుట్టులో పేలు వెతుకుతున్నట్టు వేళ్ళు కదుపుతోంది. మన్మథరావు వైపు తిరగకుండానే అడిగింది.

“అందరికీ ఇది సరిపోద్ది, ఇది సరిపోదు అని సెప్పీ మనిసి బాబూ. నీళ్ళు పారబొయ్యమన్నోళ్ళు బొండం తాగమంటారా అని ఆయనకి అనుమానం రాదా? ఒక్కసారి డాక్టర్ని అడగాలని అనుకోరా?”

మన్మథరావు పట్టాల వైపు చూశాడు.

“నీ పిల్ల కోసం వచ్చావు. పిల్ల నీ ఒళ్ళో ఉంది.”

“ఆయనకి తెలుసా?”

“తెలీదని నీకు అబద్ధం చెప్పను,” అన్నాడు మన్మథరావు. “తెలుసనీ చెప్పను. ఈ మాట నేను ఇంక ఎత్తను. నువ్వు అడిగినా, ఈ పిల్ల పెద్దదై వచ్చి అడిగినా, చచ్చేవరకూ ఎత్తను.”